పలక చేసిన ఊరు, తెర చదివిన పాఠకుడు: తెలుగు సాంకేతిక బ్లాగుల పాఠకలోక నిర్మాణం - పశ్చిమ ప్రకాశం నేపథ్యం

ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు వచన చరిత్రను రాసినవారు కథ, నవల, వ్యాసం, విమర్శ, యాత్రాచరిత్ర, ఆత్మకథ అనే ప్రక్రియలకు తగిన స్థానం కల్పించారు. అంతర్జాలంలో వెలువడిన సృజనాత్మక రచనలను గురించి కూడా ఇటీవలి కాలంలో కొంత పరిశోధన జరుగుతున్నది. అయితే 2005 తరువాతి దశాబ్దంలో, జీతం గాని పారితోషికం గాని ఆశించకుండా, కేవలం అభిరుచితో కంప్యూటరు విషయాలను తెలుగులో వివరించిన బ్లాగరుల వచనం సాహిత్య చరిత్రకారుల దృష్టికి దాదాపుగా రాలేదు. అది సాహిత్యం కాదనే భావన ఇందుకు ఒక కారణం. అది సాంకేతిక విషయం కనుక తెలుగు శాఖల పరిధిలోకి రాదనే సంకోచం మరొక కారణం.

ఈ రెండు కారణాలూ నిలిచేవి కావు. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి 1906లో ప్రారంభమైనప్పుడు దాని లక్ష్యం శాస్త్ర చరిత్ర విషయాలను తెలుగు వచనంలోకి తేవడమే. కొమర్రాజు లక్ష్మణరావు కృషిని భాషాసేవగా, వచన వికాసంగా గౌరవించిన మనం, నూరేళ్ల తరువాత అదే పనిని మరొక మాధ్యమంలో చేసిన వారిని విస్మరించడం న్యాయం కాదు.

తెలుగు సాంకేతిక బ్లాగులు తమ పాఠకలోకాన్ని ఎట్లా నిర్మించుకున్నాయి, ఆ నిర్మాణంలో భాష నిర్వహించిన పాత్ర ఏమిటి, ఆ పాఠకలోకం తరువాత ఏమైంది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పరిసరాలతో కూడిన పశ్చిమ ప్రకాశాన్ని నేపథ్యంగా స్వీకరించడమైనది. ఈ ప్రాంతాన్ని ఇక్కడ రచయితల చిరునామాగా కాక, పాఠకుల చిరునామాగా గ్రహించాలని మనవి. బ్లాగుల చరిత్ర అంటే ఇంతవరకు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో రాసినవారి చరిత్రే. వారి రచనలు చిన్న పట్టణానికి చేరిన తీరును తెలుసుకున్నప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.

పలకల ఊరు

ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. నల్లమల అంచున, వర్షాధారపు నేలలతో, ఉపాధి కోసం వలసలతో ఉన్న ఈ భాగానికి సముద్రతీర భాగంతో పోలిక తక్కువ. 2022 వరకు అదే జిల్లా తూర్పు అంచున ఉన్న వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వంటి గొప్ప గ్రంథాలయం వెలసింది. పశ్చిమాన అటువంటి సంస్థ ఏర్పడలేదు. పుస్తకం, పత్రిక, పరీక్షా ఫలితం అన్నీ బయటినుంచి గుంటూరు-గుంతకల్లు రైలుమార్గం మీదనో, బస్సు మీదనో రావలసినవే.

అయితే అక్షరాభ్యాసానికి కావలసిన ప్రథమ ఉపకరణం మాత్రం ఈ ప్రాంతం నుంచే బయటికి వెళ్లింది. మార్కాపురం రాతిపలకలకు పేరుపొందిన ఊరు. పొరలుపొరలుగా విడివడే ఇక్కడి రాయిని కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి పలకగా పంపేవారు. ఎన్నో ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దిన పలక ఇక్కడ తయారైంది.

ఈ విషయానికి మరొక పార్శ్వం ఉన్నది. 1987లో జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించిన తరువాత దేశంలో మొదటి దశలో చేపట్టిన బాలకార్మిక ప్రాజెక్టులలో శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ, ఫిరోజాబాదు గాజు పరిశ్రమలతోపాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉన్నది. బడికి వెళ్లవలసిన పిల్లలు, బడికి వెళ్లే పిల్లల కోసం పలకలు చేశారని దీని అర్థం. పలక చేసిన చేయి ఒకటి, దాని మీద రాసిన చేయి మరొకటి.

ఈ సంగతిని ఇక్కడ ప్రస్తావించడం ఆర్ద్రత కోసం కాదు. రాత ఉపకరణాన్ని తయారుచేసేవారికీ, రాసేవారికీ, చదివేవారికీ మధ్య ఉండే దూరం లేఖన చరిత్రలో ఒక మౌలికమైన ప్రశ్న. అచ్చుయంత్రం కాలంలో ఆ దూరం పెరిగింది. తెలుగు సాంకేతిక బ్లాగుల తొలిదశలో అది కొద్దికాలం పాటు అసాధారణంగా తగ్గింది. ఆ తరువాత మళ్లీ పెరిగింది. ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన ఇదే.

లిపి కనబడని కాలం

తెలుగు సాంకేతిక బ్లాగరి ఎదుర్కొన్న మొదటి సమస్య పాఠకుడు దొరకకపోవడం కాదు. దొరికిన పాఠకుడికి అక్షరం కనబడకపోవడం.

1990వ దశకం చివరినుంచి తెలుగు దినపత్రికలు అంతర్జాలంలోకి వచ్చాయి. కాని ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఖతిని, ఒక్కొక్క సంకేతవిధానాన్ని వాడింది. ఒక పత్రికకు వాడిన ఖతితో మరొక పత్రిక తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించేవి. వెతుకుడు యంత్రాలకు అది తెలుగని కూడా తెలియదు. వెతికితే దొరకని రచనకు కొత్త పాఠకుడు వచ్చే మార్గం లేదు. మరొకవైపు ప్రవాస విద్యార్థులు, ఉద్యోగులు రోమను లిపిలో తెలుగు రాసే పద్ధతులను రూపొందించుకున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ప్రసిద్ధమైన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ విధానం వాటిలో ముఖ్యమైనది.

యూనికోడు ప్రమాణం 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. కాని ప్రమాణంలో చోటు ఉండటం వేరు, పాఠకుని తెర మీద అక్షరం నిలవడం వేరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఖతి చేరింది. అయినా గుణింతాలు, ఒత్తులు సరిగా కూడి కనిపించాలంటే సంక్లిష్ట లిపుల తోడ్పాటును విడిగా చేతనం చేసుకోవాలి. అందుకు సాధారణంగా స్థాపక సీడీ అవసరమయ్యేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు యూనికోడు తెలుగుకు తొలిరోజుల్లో గొప్ప ఆసరా అయ్యాయి. ఖతి అనే మాట కూడా గమనించదగినది. చేతిరాత అనే అర్థంలో అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చిన మాటకు కంప్యూటరు కాలంలో కొత్త పని దొరికింది.

ఇందువల్ల తొలి తెలుగు సాంకేతిక టపాలలో ఎక్కువ భాగం తెలుగు చూడటం ఎట్లా, తెలుగు రాయడం ఎట్లా అనే విషయాల మీదనే ఉన్నాయి. ఇక్కడ ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. తెలుగు కనిపించేట్లు చేసుకోవడం ఎట్లాగో తెలుగులో రాస్తే, ఆ సమాచారం అవసరమైనవాడు దానిని చదవలేడు. చదవగలిగినవాడికి దాని అవసరం లేదు. అందుకే అటువంటి సూచనలను ఇంగ్లీషులోనో, రోమను లిపి తెలుగులోనో, బొమ్మల రూపంలోనో ఇవ్వవలసివచ్చింది. తన భాషలోకి పాఠకుణ్ణి పరాయి భాష గుమ్మం గుండా పిలవవలసి రావడం తెలుగు లేఖన చరిత్రలో విలక్షణమైన పరిస్థితి.

ఈ చిక్కు చిన్న పట్టణంలో మరింత బిగుసుకున్నది. ఇంట్లో సొంత కంప్యూటరు ఉన్న పాఠకుడు కష్టపడి ఒకసారి సరిచేసుకుంటే చాలు. మార్కాపురం, గిద్దలూరు వంటి చోట్ల చదువరి గంటకింత అని చెల్లించి ఇంటర్నెట్ సెంటరులో కూర్చునేవాడు. ఆ యంత్రం అతనిది కాదు. దానిలో కొత్త ఖతి చేర్చే అధికారం అతనికి లేదు. ఒకనాడు సరిగా కనబడిన తెలుగు, మరునాడు పక్క కుర్చీలో కూర్చుంటే కనబడదు. ఈ వ్యాసకర్త మార్కాపురంలో బడి చదువుకున్న రోజుల్లో పదో తరగతి ఫలితాల కోసం వెళ్లిన సెంటరులో తెలుగు పుటలు గడులు గడులుగా కనిపించడం, అది ఆ పుట లోపమేనని చాలాకాలం భ్రమపడటం స్వానుభవం. ఒకరి జ్ఞాపకాన్ని ఆధారంగా చూపడం ఉద్దేశం కాదు. చదవబడని రచనకు కారణం ఎప్పుడూ పాఠకుని అనాసక్తే కాదని గుర్తుచేయడం మాత్రమే ఇక్కడి ప్రయోజనం.

లేఖిని, కూడలి: సాధనాలు చేసిన రచయిత

ఈ దశలో వీవెన్ అనే కలంపేరుతో ప్రసిద్ధులైన బ్లాగరి కృషి ప్రత్యేకంగా పరిశీలించదగినది. 2006లో ఆయన లేఖిని అనే ఉపకరణాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చారు. పైపెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటను టైపు చేస్తే కిందిపెట్టెలో యూనికోడు తెలుగు వస్తుంది. దీనికి పునాదిగా వెన్న నాగార్జున రూపొందించిన పద్మ ఉపకరణం ఉన్నది. పత్రికల వేర్వేరు సంకేతవిధానాలను యూనికోడులోకి మార్చి చూపే పొడిగింతగా పద్మ అప్పటికే పాఠకులకు ఉపకరించింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభం కావడంలోనూ నాగార్జునదే తొలి చొరవ.

లేఖిని గొప్పతనం దాని సాంకేతిక నైపుణ్యంలో మాత్రమే లేదు. దానిని కంప్యూటరులో స్థాపించుకోనక్కరలేదు. పుట తెరిస్తే చాలు, పని చేస్తుంది. ఎవరి యంత్రం మీదనైనా, ఎవరి అనుమతీ లేకుండా తెలుగు రాయవచ్చు. సొంత యంత్రం ఉన్న నగరవాసికి ఇది సౌకర్యం. ఇంటర్నెట్ సెంటరు పాఠకుడికి ఇదొక్కటే దారి. సాధన నిర్మాణంలోని ఒక చిన్న నిర్ణయం పాఠకలోకం సరిహద్దును నగరం దాటించిందని చెప్పడానికి లేఖిని ఉత్తమ నిదర్శనం.

అదే సంవత్సరం మొదలైన కూడలి, బ్లాగులన్నిటిలోని కొత్త టపాలను ఒకచోట చూపే వేదిక. తేనెగూడు, జల్లెడ, హారం, మాలిక వంటివి ఇదే మార్గంలో పనిచేశాయి. కూడలి అంటే దారులు కలిసే చోటు. ఒంటరిగా ఒక బ్లాగు తన పాఠకులను తానే సంపాదించుకోవడం కష్టం. కూడలిలో మాత్రం కవిత కోసం వచ్చినవాడు పక్కనే ఉన్న సాంకేతిక టపాను చూస్తాడు. వంట గురించి చదవవచ్చిన గృహిణి ఖతుల గురించి తెలుసుకుంటుంది. పత్రికలో సంపాదకుడు చేసే ఎంపిక ఇక్కడ లేదు. ఏది కొత్తదైతే అదే పైన. పేరున్న రచయితకూ, నిన్న మొదలుపెట్టిన కుర్రవాడికీ కొన్ని గంటల పాటు ఒకే చోటు. అభిరుచితో రాసే బ్లాగరికి తొలి పాఠకులు దొరికింది ఎక్కువగా ఇట్లాగే.

అంతర్జాలం బయట కూడా ఈ సమీకరణ జరిగింది. ఈ-తెలుగు సంఘం హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటరులో తెలుగు చూడవచ్చు, రాయవచ్చు అని వచ్చినవారికి చూపించింది. స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థ కోసం కృషి చేసింది. నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలోని కంప్యూటర్ ఎరా మాసపత్రిక అచ్చు రూపంలో ఇదే విజ్ఞానాన్ని బస్టాండు దుకాణాల దాకా తీసుకువెళ్లింది. ఆయన అంతర్జాలంలోనూ విస్తృతంగా రాశారు. అచ్చు పత్రిక, బ్లాగు పరస్పరం పోటీపడలేదు. ఒకదాని పాఠకుడు మరొకదానికి చేరాడు. అంతర్జాలం అరుదుగా అందే ప్రాంతాలలో అచ్చు కాగితమే తెరకు తొలిమెట్టు అయింది.

రాసే సాధనాన్ని చేసినవాడే దానితో రాశాడు, రాసినదాన్ని చేరవేసే వేదికను కూడా తానే కట్టాడు. పలకల పరిశ్రమలో విడిపోయిన చేతులు ఇక్కడ ఒకటయ్యాయి. పాఠకుడు కూడా కేవలం పాఠకుడుగా మిగలలేదు. అదే పెట్టెలో వ్యాఖ్య రాశాడు, కొన్నాళ్లకు తానే బ్లాగరి అయ్యాడు. ఈ పాఠకలోకంలో గణనీయమైన భాగం భావి రచయితలే.

పదనిర్మాణం, సంబోధన, వచనరీతి

పాఠకలోకాన్ని కలిపి ఉంచినది సాధనాలు మాత్రమే కాదు, మాటలు కూడా. సాంకేతిక బ్లాగులు వాడుకలోకి తెచ్చిన పదజాలంలో మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది అన్యదేశ్యాన్ని తెలుగు ప్రత్యయంతో ఇముడ్చుకోవడం. బ్లాగు అనే మాటకు, చదువరి, నేర్పరి, కల్లరి మొదలైన మాటలలోని అరి ప్రత్యయం చేర్చి బ్లాగరి అన్నారు. లింగభేదం లేకుండా స్త్రీపురుషులిద్దరికీ ఒకే మాట సరిపోవడం ఇందులోని అదనపు లాభం. రెండవది పాతమాటకు కొత్త పని అప్పగించడం. తపాలాకు సంబంధించిన టపా అనే మాట బ్లాగులో ప్రచురించే ఒక్కొక్క రచనకు పేరైంది. కరణాల కచేరీల నాటి దస్త్రం కంప్యూటరు ఫైలు అయింది. హార్మోనియం మీట కంప్యూటరు మీట అయింది. మూడవది కొత్తగా కూర్చడం. అంతర్జాలం, దింపుకోలు, విహారిణి ఈ కోవలోనివి. వీటిలో అంతర్జాలం పత్రికలలోనూ పాఠ్యగ్రంథాలలోనూ స్థిరపడింది. విహారిణి బ్లాగుల ఎల్లలు దాటలేదు. ఏ మాట నిలిచింది, ఏది నిలవలేదు అనేది పండితుల ఆమోదం మీద కాక, వాడినవారి అలవాటు మీద ఆధారపడింది. పారిభాషిక పద నిర్మాణం అకాడమీల నుంచి అభిరుచిపరుల చేతికి వచ్చిన అరుదైన సందర్భం ఇది.

వీవెన్ తన సాంకేతిక బ్లాగుకు పెట్టుకున్న పేరు, వీవెనుడి టెక్కునిక్కులు, ఈ దృష్టితో ఆలోచించదగినది. వినగానే టెక్నిక్కులు అనే ఇంగ్లీషు మాట స్ఫురిస్తుంది. కాని టెక్కు, నిక్కు రెండూ గర్వాన్ని, బింకాన్ని తెలిపే తెలుగు మాటలే. సాంకేతిక పరిజ్ఞానంతో పాటు వచ్చే దర్పాన్ని రచయిత తానే ముందుగా పరిహసించుకున్నాడు. కలంపేరుకు డుమంత రూపం కల్పించడంలో కూడా అదే చమత్కారం. ఈ శ్లేష తెలుగు తెలిసినవాడికే అందుతుంది. కంప్యూటరు తెలిసి తెలుగు మరచినవాడి కంటె, తెలుగు తెలిసి కంప్యూటరు తెలియనివాడినే ఈ శీర్షిక దగ్గరికి పిలుస్తున్నది. పాఠకుణ్ణి ఎంచుకోవడం శీర్షికలోనే జరిగింది.

వచనరీతి విషయానికి వస్తే, సాంకేతిక టపా ప్రధానంగా విధానవచనం. మొదట ఇది తెరవండి, తరువాత అది నొక్కండి అనే విధ్యర్థక క్రియలతో క్రమంగా సాగుతుంది. స్వయంబోధినులు, పాకశాస్త్ర గ్రంథాలు, వైద్య చిట్కాల పుస్తకాలు తెలుగులో ఇటువంటి వచనానికి పూర్వరూపాలు. కాని వాటిలో చెప్పేవాడు గురుస్థానంలో ఉంటాడు. బ్లాగు టపాలో చెప్పేవాడు నిన్ననే తెలుసుకున్నవాడు. తాను ఎక్కడ తడబడ్డాడో కూడా చెబుతాడు. కింద వ్యాఖ్యలో ఒక పాఠకుడు, తమ దగ్గర అది పనిచేయలేదని రాస్తే టపాను సవరిస్తాడు. ప్రచురణ తరువాత కూడా పాఠకుని వల్ల మారే రచన ఇది.

సంబోధన విషయం కూడా ఆసక్తికరమైనది. పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఒక మనిషిని పిలవాలంటే వరుస తెలియాలి. అన్నా, మామా, అబ్బీ అనే పిలుపులో వయస్సు, కులం, చనువు అన్నీ తెలిసిపోతాయి. అంతర్జాలంలో కలంపేరు తప్ప మరేమీ తెలియదు. అందువల్ల బ్లాగులోకంలో అందరికీ గారు స్థిరపడింది. పదో తరగతి పిల్లవాడు ప్రశ్న అడిగినా, విశ్రాంత ఉద్యోగి అడిగినా ఒకే మర్యాద, ఒకే బహువచనం. ఊరిలో నువ్వు అని మాత్రమే పిలుపందుకున్న యువకుడికి తెర మీద తొలిసారి మీరు అనే పిలుపు దొరికి ఉంటే, అది చిన్న విషయం కాదు. ఈ పాఠకలోకంలో అతడు నిలవడానికి సమాచారం ఎంత కారణమో, ఈ మర్యాద కూడా అంత కారణమని భావించవచ్చు.

అభిరుచి ఆర్థికం, మారిన మాధ్యమం

ఈ రచయితలు అభిరుచిపరులుగానే మిగలడానికి వారి ఆదర్శం ఒక్కటే కారణం కాదు. ఇంగ్లీషులో సాంకేతిక బ్లాగు రాసినవాడికి ప్రకటనల ద్వారా ఆదాయం వచ్చే మార్గం 2003 నుంచి గూగుల్ యాడ్‌సెన్స్ రూపంలో ఉన్నది. ఆ వ్యవస్థ హిందీని 2014 చివరలో గుర్తించింది. తెలుగుకు ఆ అవకాశం 2018లో గాని రాలేదు. అంటే తెలుగు బ్లాగుల ఉజ్జ్వల దశ అంతా ఆ ఆదాయ మార్గం లేని దశ. దీనివల్ల మేలూ కీడూ రెండూ జరిగాయి. పాఠకుల సంఖ్య కోసం ఆకర్షక శీర్షికలు పెట్టే అవసరం లేకపోవడం మేలు. ఉద్యోగం, కుటుంబం బరువు పెరిగినకొద్దీ రచయితలు ఒక్కొక్కరే రాయడం మానుకోవడం కీడు. అభిరుచితో నిలిచినది తీరిక ఉన్నంతవరకే నిలుస్తుంది.

తెలుగు వారికి ఆ మార్గం తెరుచుకునేనాటికి పాఠకుడు మరొకచోటికి వెళ్లాడు. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత చౌకగా దొరికిన డేటాతో చిన్న పట్టణాలలో, పల్లెల్లో దృశ్య మాధ్యమం వేగంగా వ్యాపించింది. గిద్దలూరులో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లవలసిన పని చేతిలోని ఫోనులో జరుగుతున్నది. ఇల్లెందు వంటి చిన్న పట్టణం నుంచి సయ్యద్ హఫీజ్ నడిపిన తెలుగు టెక్‌టట్స్ యూట్యూబు ఛానలు లక్షలాది వీక్షకులను సంపాదించింది. 2022లో ఫోర్బ్స్ ఇండియా ప్రకటించిన డిజిటల్ ప్రముఖుల జాబితాలో ఆయనకు స్థానం లభించింది. చిన్న పట్టణం పాఠకుల చిరునామాగానే కాక రచయిత చిరునామాగా కూడా మారగలదని ఇది నిరూపించింది. బ్లాగుల కాలం సాధించలేనిదాన్ని దృశ్యమాధ్యమం సాధించింది. దీనిని సంకోచం లేకుండా అంగీకరించాలి.

అయితే లిపి నుంచి వాక్కుకు జరిగిన ఈ మార్పులో కోల్పోయినది కూడా ఉన్నది. రాసేటప్పుడు బ్లాగరి ఒక్కొక్క ఇంగ్లీషు మాట దగ్గర ఆగి, దీనిని తెలుగులో ఏమనాలి అని ఆలోచించవలసి వచ్చింది. మాట్లాడేటప్పుడు ఆ ఆగుడు లేదు. డౌన్‌లోడ్, సెట్టింగ్స్, అప్‌డేట్ అన్నీ వాడుకభాషలో ఉన్నవి ఉన్నట్లే వస్తాయి. అది తప్పు కాదు, జనవ్యవహారమే. కాని పదనిర్మాణం అనే పని అక్కడితో మందగించింది. రెండవ నష్టం, సాధనంతో సంబంధం తెగిపోవడం. లేఖిని వాడినవాడు దానిని చేసినవాడికి వ్యాఖ్య రాయగలిగాడు, ఇది సరిగా రావడం లేదని చెప్పగలిగాడు. ఈనాటి వేదికను నడిపే సంస్థతో తెలుగు వీక్షకుడికి గాని, సృష్టికర్తకు గాని అటువంటి సంభాషణ లేదు. పలక చేసేవాడూ, రాసేవాడూ, చదివేవాడూ మళ్లీ వేరైపోయారు.

చెదిరిన ఆధారాలు

ఈ చరిత్రను రాయడంలో పరిశోధకుడికి ఎదురయ్యే ప్రధానమైన ఇబ్బంది ఆధారాల వినాశం. తాళపత్రాన్ని చెదలు తినడానికి తరాలు పడుతుంది. అంతర్జాలంలో ఒక సంస్థ నిర్ణయంతో ఒక్కనాటిలో మొత్తం పోతుంది. గూగుల్ బజ్ 2011లో ఆగిపోయింది. బ్లాగులను క్రమంగా చదివేవారికి ముఖ్య సాధనమైన గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. బ్లాగరులలో పలువురు చర్చలను తరలించిన గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. తేనెగూడు, జల్లెడ వంటి సంకలినులు ఆగిపోయాయి. టపా మిగిలిన చోట కూడా అందులోని బొమ్మలు, లంకెలు చెడిపోయాయి.

పోయినది ఏమిటో స్పష్టంగా గుర్తించాలి. రచయితల టపాలు కొంతవరకు మిగిలాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు కొన్నిటిని భద్రపరిచాయి. పోయినవి ప్రధానంగా సంకలినుల పుటలు, వ్యాఖ్యలు, చర్చలు. అంటే పాఠకుల జాడలు. ఏ ఊరినుంచి ఏ పేరుతో వచ్చి ఏమి అడిగాడో తెలిపే ఆధారాలు అవే. రచయిత మిగిలి పాఠకుడు మాయమైతే, ముందుముందు రాసే చరిత్రలో ఈ బ్లాగులు నగరాలలోని కొద్దిమంది ఉత్సాహవంతుల కాలక్షేపంగానే కనిపిస్తాయి. పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతాలు ఆ చరిత్రలో ఉండనే ఉండవు. అది సత్యదూరమైన చరిత్ర అవుతుంది.

ఉపసంహారం

పై పరిశీలనవల్ల తేలిన అంశాలను ఇట్లా సంగ్రహించవచ్చు. తెలుగు సాంకేతిక బ్లాగులకు పాఠకలోకం సిద్ధంగా దొరకలేదు. లిపిని కనిపింపజేసి, రాసే సాధనం అందించి, టపాలను ఒకచోట చేర్చి దానిని నిర్మించుకోవలసి వచ్చింది. స్థాపించుకోనక్కరలేని ఉపకరణం, వరుసతో నిమిత్తం లేని మర్యాద, తెలుగు పలుకుబడితో కూర్చిన మాటలు ఆ లోకాన్ని నగరం వెలుపలికి విస్తరింపజేశాయి. ఆదాయం లేని అభిరుచి దానికి స్వేచ్ఛనిచ్చింది, దాని ఆయుష్షునూ పరిమితం చేసింది.

ఇక చేయవలసిన పనులు మూడు ఉన్నాయి. రచయితల అనుమతితో మిగిలిన టపాలను, వ్యాఖ్యలతో సహా, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు భద్రపరచాలి. బ్లాగులలో పుట్టిన పారిభాషిక పదాలను తొలి ప్రయోగాలతో సహా సంకలనం చేయాలి. మూడవది, మిగిలినవాటికంటె తొందరగా చేయవలసినది, చిన్న పట్టణాల పాఠకుల మౌఖిక చరిత్ర. మార్కాపురం, గిద్దలూరు, కంభం పట్టణాలలో ఇంటర్నెట్ సెంటర్లు నడిపినవారు, ఆ కుర్చీలలో కూర్చుని తెలుగు చదవడం నేర్చినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఆ దుకాణాల స్థానంలో ఇతర వ్యాపారాలు వచ్చాయి, యంత్రాలు పాతసామాను కింద వెళ్లిపోయాయి. జ్ఞాపకం ఒక్కటే మిగిలిన ఆధారం.

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన పిల్లల పేర్లు మనకు తెలియవు, పలకలు చేసిన పిల్లల పేర్లు అసలే తెలియవు. పలక మీది రాత చెరిగిపోయేదే కనుక అప్పట్లో ఎవరూ దాచలేదు. తెర మీది రాత కూడా అంత సులువుగానే చెరిగిపోతున్నదని ఇప్పుడు మనకు తెలుసు. తెలిసిన తరువాత కూడా దాచకపోతే, ఆ లోపానికి కాలాన్ని నిందించడం తగదు.